నీళ్ళలో దిగిన బండి

"ఈ కారు ఒక్కసారి కూడా వరద నీళ్ళలో దిగలేదండి" అని ఆ రోజు నేను చెప్పాను. ఏలూరులో మా ఇంటి కారుషెడ్డు ముందు, పట్టపగలు, కొనడానికి వచ్చిన మనిషి మొహంలోకి చూస్తూ చెప్పాను. అబద్ధం. ధర తగ్గుతుందని ఆడాను. అంతకంటే ఘనమైన కారణం ఏమీ లేదు. నేను ఆ మాట అంటున్నప్పుడు నాకు రెండడుగుల దూరంలో, బానెట్ మీద గుడ్డతో తుడుస్తూ, ఆ కారుని వరద నీళ్ళలో నడిపిన మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన నడిపింది నా భార్య కోసం, అప్పటికింకా పుట్టని నా కూతురి కోసం.

ఆయన పోయి రెండు నెలలవుతోంది. పేరు రాయడం లేదు. మా ఇంట్లో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు. "డ్రైవరు" అనేవాళ్ళం, అంతే. నాకంటే పదహారేళ్ళు పెద్ద. నా జుట్టు నెరిశాక కూడా నన్ను "చిన్నబాబుగారండీ" అనేవాడు. నేను చివరిదాకా "నువ్వు" అన్నాను. ఇక్కడ "ఆయన" అని రాస్తున్నాను గానీ, బతికుండగా ఆ మాట నా నోట రాలేదు.

కారు మా నాన్నది. నాన్న పశువుల డాక్టరు. ఒక గేదె తన్నిన తన్నుకి మోకాలు పాడై మోటారు సైకిలు వదిలేశాక, ఏలూరులో ఒక రైసు మిల్లు యజమాని దగ్గర ఈ మీగడ రంగు అంబాసిడర్‌ని సెకండ్ హాండ్‌లో కొన్నారు. కారుతో పాటు డ్రైవరు కూడా మిల్లు నుంచే వచ్చాడు. గుండుగొలను మనిషి. అప్పట్నించి ఆ కారు కొల్లేరు చుట్టూ తిరగని ఊరు లేదు. వెనక సీట్లో మనుషుల కంటే మందుల పెట్టెలు, ఐసు డబ్బాలు, ఒక్కోసారి గోనెపట్టా మీద పడుకోబెట్టిన దూడలు ఎక్కువగా ప్రయాణం చేశాయి. ఫినాయిలూ ఎండుగడ్డీ కలిసిన వాసన ఇప్పటికీ ఆ సీట్లని వదల్లేదు.

ఆయన చెప్పులు విప్పి బండి నడిపేవాడు. ఎండాకాలం పెడళ్ళు కాలిపోతున్నా అంతే. ఎందుకని ఒకసారి అడిగాను.

"క్లచ్చి సంగతి కాలికి తెలియాలండి. చెప్పులేసుకుంటే మధ్యవర్తిని పెట్టి మాట్లాడినట్టు ఉంటదండి."

కారు దారిలో మొరాయిస్తే ఆగిపోయిందని ఒప్పుకునేవాడు కాదు. "ఆగలేదండి. ఆలోచిస్తందండి" అని దిగి, బానెట్ ఎత్తి, దానికి ఆలోచించుకునే టైమిచ్చేవాడు. గేదెలు అడ్డం వస్తే తల బయటపెట్టి, "ఏవండీ గేదమ్మగారూ, కాస్త పక్కకి జరుగుతారాండీ" అనేవాడు. వెటకారం కాదు. గొంతులో నిజంగానే మర్యాద ఉండేది. బాతుల మంద రోడ్డు దాటుతుంటే ఇంజను కట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. కొల్లేరు పక్క బాతుల మంద అంటే వెయ్యికి తక్కువ ఉండదు.

"హారన్ కొట్టవయ్యా! సాయంత్రం దాకా ఇక్కడే ఉంటామా?" అని నాన్న కేకలేసేవారు.

"మన పేషెంట్లేనండి. మొన్ననే కదండీ సూదులేశారు. మళ్ళీ బెదరగొడితే ఏం బాగుంటదండి."

నాన్న నవ్వు ఆపుకోలేక పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

నవ్వులాట పనికిరాని విషయం ఆయనకి ఒకటే ఉండేది. నీళ్ళు. రోడ్డు మీద నీళ్ళు కనిపిస్తే, అవి చీలమండ లోతే అని ఊరంతా చెప్పినా సరే, బండి ఆపి పంచె ఎగ్గట్టి, "నడిచి చూసొస్తానుండండి" అని దిగిపోయేవాడు. అటు చివరిదాకా నడిచి, ఇటు వచ్చి, అప్పుడే స్టీరింగు పట్టుకునేవాడు. తను నడవని నీళ్ళలో బండి దింపేవాడు కాదు. కొల్లేరు రోడ్లకి ఆ పద్ధతి అవసరం. వరద వస్తే రోడ్డేదో చెరువేదో తెలియదు, మధ్యలో ఏ తూము కొట్టుకుపోయిందో అంతకన్నా తెలియదు.

ముప్పై రెండేళ్ళ కిందట, నా భార్య మొదటి కాన్పుకి పుట్టింట్లో ఉంది. వాళ్ళది కొల్లేటికోట దగ్గర పల్లె. డాక్టరు చెప్పిన రోజుకి ఇంకా పది రోజులుండగానే నొప్పులు మొదలయ్యాయని కబురు వచ్చింది. మూడు రోజులుగా వాన. నాన్న క్యాంపులో ఉన్నారు. నేను తాడేపల్లిగూడెంలో లెక్చరరుగా చేరిన కొత్త. సెలవు కాబట్టి ఏలూరు వచ్చి ఉన్నాను. నేనూ ఆయనా బయల్దేరి వెళ్ళాం. వెళ్ళేటప్పుడు రోడ్డు మీద అక్కడక్కడ తడి, అంతే. నా భార్యనీ అత్తగారినీ ఎక్కించుకుని తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. ఎదురుగా రోడ్డు లేదు. రెండు పక్కలా కొల్లేరే, మధ్యలోనూ కొల్లేరే. అవతల ఒడ్డున ఆగిపోయిన బస్సు అగ్గిపెట్టంత కనిపిస్తోంది.

ఆయన బండి ఆపాడు. "నడిచి చూసొస్తానుండండి."

వెనక సీట్లో నా భార్య పళ్ళ బిగువున మూలుగుతోంది. "ఇప్పుడు నడకలేంటయ్యా, పోనివ్వు!" అన్నాను.

"ఒక్క నిమిషం అండి, చిన్నబాబుగారు."

"నీ పెళ్ళానికైతే ఇలాగే షికారు నడుస్తావా?" అని అరిచాను. అత్తగారు, "అయ్యో, అదేం మాట బాబూ" అన్నారు.

ఆయన పంచె పైకి కట్టుకుంటూనే, "మా ఆడదానికైతే రెండుసార్లు నడుద్దునండి. తొందరగా ఉందని మీకు ఒక్కసారే నడుస్తున్నానండి" అన్నాడు.

దోనెలో ఉన్న ఒక చేపల మనిషిని అడిగి వెదురు గెడ తీసుకుని నీళ్ళలోకి దిగాడు. నేను ముందు సీట్లో కూర్చుని వాచీ చూసుకుంటున్నాను. అటు నడిచి, ఇటు వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. మోకాలి లోతు నీళ్ళలో నడిచిన మనిషి వచ్చేసరికి గుండెల దాకా తడిసిపోయి ఉన్నాడు. దారి మధ్యలో ఒక తూము దగ్గర ఎడమ పక్క సగం రోడ్డు కొట్టుకుపోయిందట. అందులో పడ్డాడు. పడి లేచి, అక్కడ ఆ గెడ పాతి, తన తువ్వాలు దానికి కట్టి వచ్చాడు. మేము తొందరపడి దిగి ఉంటే నేరుగా ఆ గోతిలోకే వెళ్ళేవాళ్ళం.

తర్వాత డైనమో బోల్టు వదులు చేసి ఫ్యాన్ బెల్టు తీసేశాడు. ఫ్యాను తిరిగితే నీళ్ళు ఎగజిమ్మి ఇంజను ఆగిపోతుందని. ఆ బెల్టుని మెళ్ళో దండలా వేసుకున్నాడు. వెనక సీటు మీది గోనెపట్టా తీసి ముందు జాలీకి కట్టాడు. మొదటి గేరులో, ఎక్కడా కాలు సడలించకుండా, కారుతో మాట్లాడుతూ నడిపాడు. "ఆలోచించకండమ్మా, ఇప్పుడు కాదు, ఏలూరెళ్ళాక ఎంతసేపైనా ఆలోచిద్దురుగాని." పాదాల దాకా నీళ్ళు లోపలికి వచ్చాయి. తువ్వాలు కట్టిన గెడ నా కిటికీ పక్కగా జానెడు దూరంలో దాటిపోయింది. సాయంత్రం ఆరింటికి ఏలూరు ఆసుపత్రిలో మా అమ్మాయి పుట్టింది. నేను ఆయనకి థాంక్స్ చెప్పానో లేదో గుర్తు లేదు. చెప్పి ఉంటే గుర్తుండేది.

నాన్న పోయాక కారు షెడ్డులో ఉండిపోయింది. అమ్మాలా వద్దా అని రెండేళ్ళు తేల్చుకోలేకపోయాను. షెడ్డు తీసేస్తే ఆ స్థలంలో ఒక వాటా కట్టి అద్దెకివ్వచ్చు. మరోపక్క నాన్న కారు కదా అనే ఒక బెంగ. ఆ రెండేళ్ళూ, నేను రమ్మనకపోయినా, ఆయన ప్రతి నెలా గుండుగొలను నుంచి బస్సులో వచ్చేవాడు. చెప్పులు విప్పి లోపల కూర్చుని, పది నిమిషాలు ఇంజను నడిపి, కట్టేసి, టైర్లు చేత్తో నొక్కి చూసి, మజ్జిగ తాగి వెళ్ళిపోయేవాడు. ఈ కారుని ఏం చేద్దామని నేను ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాల్సిన మనిషి అనే ఆలోచనే రాలేదు.

పోయినేడు వానలు వెనకబట్టాక ఒక బేరం వచ్చింది. తాడేపల్లిగూడెంలో పెళ్ళి ఫొటోలకి పాత కార్లు అద్దెకిచ్చే అతను. ముప్పై ఐదేళ్ళుంటాయి, మాట చురుకు. అతను వచ్చే రోజు కారు స్టార్ట్ అవ్వాలి కాబట్టి డ్రైవరుకి ఫోన్ చేసి, "ఒకసారి వచ్చి స్టార్ట్ చేసి, తుడిచి పెట్టు" అన్నాను. అమ్ముతున్నానని చెప్పలేదు. చెప్తే ఆయన మొహం చూడాల్సి వస్తుందని భయం.

వచ్చినతను ఫోను లైటు వేసి కారు కిందకి దూరి చాలాసేపు చూశాడు. లేచి చేతులు దులుపుకుంటూ, "ఏవండీ, వరద నీళ్ళేమైనా తగిలాయా అండి? ఈ కొల్లేరు పక్క బళ్ళకి అదొక్కటే భయం అండి. లోపల్నించి తినేస్తది" అన్నాడు.

అప్పుడు నేను ఆ మాట చెప్పాను.

అతను డ్రైవరు వైపు తిరిగాడు. "ఏం పెద్దాయనా, నిజమేనా అండి?"

తుడుస్తున్న చెయ్యి ఆగింది. ఆయన నా వైపు చూడలేదు. ముందు టైరు వైపు చూశాడు. "బాబుగారు చెప్పారు కదండి" అన్నాడు.

"నడిపింది మీరు కదా. మీరు చెప్పండి."

"బాబుగారికి తెలవంది నాకేం తెలుస్తదండి."

అతను అడ్వాన్సు ఇచ్చి వెళ్ళాడు. కాగితాలు నాన్న పేరు మీద నుంచి నా పేరు మీదికి మార్చుకుని, ఆ తర్వాత అతనికి రాసివ్వాలి. నాలుగైదు నెలల పని. గేటు వేసి వచ్చేసరికి ఆయన తుడిచిన గుడ్డని నాలుగు మడతలు పెట్టి డ్రైవరు సీటు మీద ఉంచుతున్నాడు.

"అమ్మేస్తన్నారాండి?"

"ఏం చేస్తాం మరి. ఎన్నాళ్ళుంచుతాం" అన్నాను.

"అంతేలెండి" అన్నాడు. మా ఆవిడ భోజనం చేసి వెళ్ళమంటే, బస్సు టైమయిందమ్మా అన్నాడు. ఆ తర్వాత నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు. పెద్దవాడయ్యాడు, బస్సు ఎక్కలేకపోతున్నాడేమో అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది.

ఈ మాఘంలో ఆయన పోయాడు. గుండెపోటు. ఫోను రాగానే వెళ్ళాను. మట్టి చేసి వచ్చాక, ఇంటి అరుగు మీద కూర్చున్న ఆయన భార్య నన్ను చూసి కొంగు సర్దుకుని లేవబోయింది. కూర్చోమన్నాను. ఆవిడే అంది.

"మా ఆయన ఈ ఏడు సాక్ష్యానికి లేవలేదండి."

వాళ్ళ చర్చిలో ఏటా కోత పండగ రోజున, దేవుడు తమకి చేసిన మేలు చెప్పడానికి ఒక్కొక్కరూ లేస్తారు. దాన్నే సాక్ష్యం అంటారు. ఆయన ముప్పై ఏళ్ళుగా చెప్పే సాక్ష్యం ఒకటేనట. డాక్టరుగారి కోడలిని నీళ్ళలోంచి దేవుడు ఎలా దాటించాడో. ఆయన లేస్తే కుర్రాళ్ళు, "తాతగారి బండి బయల్దేరిందిరోయ్" అని నవ్వుకునేవారట. అయినా కదలకుండా వినేవారట.

"పాస్టరుగారు పేరు పెట్టి పిలిచినా లేవలేదండి. ఇంటికొచ్చాక అడిగానండి. 'ఆ బండి అసలు నీళ్ళలోనే దిగలేదంటనే. ఇంకేం సాక్ష్యం చెప్పమంటావే' అన్నాడండి. నాకేం అర్థం కాలేదండి. మీకేమన్నా తెలుసా అండి?"

"తెలియదమ్మా" అన్నాను.

భర్తని అప్పుడే మట్టిలో పెట్టి వచ్చిన మనిషితో అన్నాను. మొదటి అబద్ధానికి ధర సాకు ఉంది. దీనికి అది కూడా లేదు.

ఇంటికి వచ్చి నా భార్యకి రెండూ చెప్పాను. "కారు అమ్ముకోండి. నాకేం బాధ లేదు" అందావిడ. "కానీ ఆ నీళ్ళలో నేనున్నానండి. కడుపులో పిల్లతో ఉన్నాను. అదేమీ జరగనట్టు ఎలా చెప్పారండీ?"

మర్నాడే తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఆ కొనే అతను తన షెడ్డులో ఒక పాత జీపుకి రంగు వేయిస్తున్నాడు. విషయం చెప్పి, అడ్వాన్సు కవరు బల్ల మీద పెట్టాను. అతను కవరు ముట్టుకోలేదు.

"నాకు ఆ రోజే తెలుసండి" అన్నాడు.

"కింద తుప్పు చూశారా?"

"తుప్పు సంగతి తర్వాతండి. పెద్దాయన మొహం చూశాను కదండి. ఆ మాటకి ఆయన అలా అయిపోయాడంటే, దిగిన బండే అనుకున్నాను. ఆ లెక్కలోనే ధర చెప్పానండి. ఇంతకీ అమ్ముతున్నారా, లేదా అండి?" అన్నాడు.

దారంతా నేను ఆలోచించింది అదే. ఆ కారుని షెడ్డులోనే ఉంచేసుకుంటే, ఏదో త్యాగం చేశానని రోజూ దాన్ని చూసుకుని తృప్తిపడే మనిషిని నేను. నా సంగతి నాకు తెలుసు. "అమ్ముతాను. కానీ ఎవరడిగినా నీళ్ళలో దిగిందని చెప్పాలి. ఎవరు దింపారో కూడా చెప్పాలి" అన్నాను. ఆయన పేరు, ఊరు ఒక కాగితం మీద రాసిచ్చాను. అతను దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరుసటి వారం సంతకాలు అయిపోయాయి.

నలభయ్యో రోజున వాళ్ళ ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నేనూ నా భార్యా వెళ్ళాం. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, "మన సహోదరుణ్ణి గురించి ఎవరన్నా రెండు మాటలు చెప్తారా" అన్నారు. నేను లేచాను.

ఈ ఏడు ఆయన చెప్పని సాక్ష్యం నేను చెప్తానన్నాను. మొదలుపెట్టాను. మూడు ఫర్లాంగుల నీళ్ళు అన్నానో లేదో, చాప మీద నుంచి ఒకావిడ, "నాలుగండి" అంది. తువ్వాలు ఎర్రది అన్నాను. "పచ్చదండీ" అన్నారు నలుగురైదుగురు. నవ్వులు వినిపించాయి. ఆ రోజు ఆ కారులో ఉన్న నాకంటే, ముప్పైసార్లు విన్న వాళ్ళకే బాగా గుర్తుంది. బెల్టు మళ్ళీ ఎక్కడ ఆగి వేసుకున్నాడో వాళ్ళే చెప్పారు. కారుతో ఏమన్నాడో ఒక ముసలాయన ఆయన గొంతుతోనే అని చూపించాడు.

ఆ ముసలాయనే అడిగాడు. "అసలు ముక్క వదిలేశారేంటండి, బాబుగారు?"

"ఏదండీ?"

"మీ ముక్కండి. వద్దన్నా వినకుండా చిన్నబాబుగారు కూడా ప్యాంటు మడిచి తనతో పాటు నీళ్ళలోకి దిగారని చెప్పేవాడు కదండి. తూములో తను పడిపోతే చెయ్యి పట్టుకుని పైకి లాగింది బాబుగారేనని, లేకపోతే ఆ రోజే పోదునని ఏటా చెప్పేవాడండి. మీరు సిగ్గుపడి చెప్పట్లేదు గాని."

షామియానా కింద అందరూ నా వైపు చూశారు. ఆ చూపుల్లో అభిమానం ఉంది. ఆయన భార్య అవునన్నట్టు తలూపింది. ముప్పై ఏళ్ళుగా ఈ మనుషులు నన్ను ఎరిగింది అలాగన్నమాట. వద్దన్నా వినని, నీళ్ళలోకి దిగిన మనిషిగా. నేను ఊరికే నిలబడినా, అవుననాల్సిన పని కూడా లేకుండా, అది అలాగే ఉండిపోతుంది. పక్కన కూర్చున్న నా భార్య తల ఎత్తలేదు.

"లేదండి" అన్నాను. "నేను దిగలేదు. ఆయనొక్కడే నడిచాడు. పడితే ఆయనే లేచాడు. నేను కారులో కూర్చుని ఆయన్ని తిట్టాను."

నేను ఆయన భార్య వైపు తిరిగాను. "అమ్మా, ఆ రోజు మీరు అడిగితే తెలియదన్నాను. తెలుసు" అని, కారుషెడ్డు ముందు నేను ఏమన్నానో, దానికి ఆయన ఏమన్నాడో, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను.